అరవై మార్కుల పగులు

ఆ మంగళవారం ఉదయం లైబ్రేరియన్ వేసుకున్న పథకంలో ఎవరికీ హాని చేసేది ఏమీ లేదు. ఎనిమిదింటికి మేడ మీద గది తాళం తీయాలి. అరగంటసేపు కిటికీలు తెరిచి, ఎండ ముదరకముందే మూసేయాలి. పాత బడి రిజిస్టరు ఒకదానికి అట్ట ఊడింది, దానికి జిగురు రాసి మీద ఇటుక పెట్టాలి. పదకొండింటికి టీ తాగాలి. ఇంతే.

ఆమె ఇరవై ఏడేళ్లుగా చూసుకుంటున్న ఆ గదికి ‘ఊరి చరిత్ర గది’ అని పేరు. అందులో ముప్పై ఎనిమిది పెట్టెలు, వాటిలో దాదాపు తొమ్మిది వేల పేజీలు ఉన్నాయి. ఊళ్లో ఏ ఇంట్లో ఏ బిడ్డ ఏ పూట పుట్టిందో నలభై ఏళ్లపాటు రాసిపెట్టిన ఒక మంత్రసాని నోటుపుస్తకాలు, రోజూ ఎంత వాన పడిందో రాసుకున్న పోస్టుమాస్టరు డైరీలు, బడి రిజిస్టర్లు, ఎప్పుడో మూతపడ్డ ఫొటో స్టూడియో వాళ్ల ఫొటోలు, వీధి కొళాయి కోసం పదకొండేళ్లు నీటి సంఘంతో యుద్ధం చేసిన ఒక పెద్దామె ఉత్తరాలు. ఆ గదిలోకి రావాలంటే చెదపురుగు కూడా చెప్పులు బయట విడిచి రావాలని ఊళ్లో జోకు. లైబ్రేరియన్ ఆ మాటను జోకుగా తీసుకోలేదు, మెప్పుగా తీసుకుంది.

అయితే ఎంత శుభ్రంగా ఉంచినా సిరా మాత్రం ఆమె మాట వినడం లేదు. ఏటికేడూ వెలిసిపోతోంది. పోస్టుమాస్టరు చేతిరాత చదవగలిగింది ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే, ఆమె రిటైరయ్యేది మరో నాలుగేళ్లలో. అందుకే ఆ కాగితాలన్నీ యంత్రంతో ఫొటోలు తీసి కంప్యూటర్లో దాచడానికి గ్రాంటు కావాలని, రాజధానిలోని ఒక సంస్థకు ఆర్నెల్ల క్రితం దరఖాస్తు పెట్టింది. ఆ గ్రాంటు రాకపోతే గది ఖాళీ చేయించి ఫర్నిచర్ కొట్టువాడికి గోదాముగా ఇచ్చేస్తామని లైబ్రరీ కమిటీ అప్పటికే తీర్మానం చేసి కూర్చుంది.

జిగురు రాస్తుండగా లైబ్రరీ సెక్రటరీ మెట్లెక్కి వచ్చాడు. ఆయన మేడ మీదికి రావడం ఆ ఏడాదిలో అది రెండోసారి. మొదటిసారి వచ్చింది పొరపాటున.

"మేడమ్, కొంప మునిగింది" అన్నాడు, చేతిలో ఉత్తరం ఊపుతూ. "మనకి మార్కులొచ్చాయి."

"ఎంతొచ్చాయి?"

"కాగితాల ప్రాముఖ్యం, ఇరవైకి ఇరవై. సంరక్షణ, ఇరవైకి ఇరవై."

"మరి కొంప మునగడమేంటండీ?"

"ప్రమాద తీవ్రత, అరవైకి సున్నా! పాసవ్వాలంటే డెబ్భై రావాలి. పాడైపోతున్న కాగితాలకే డబ్బిస్తారట. మీరేమో ఒక్క పురుగునైనా బతకనిచ్చారా? ఒక్క మూలైనా తడవనిచ్చారా? మీ శుభ్రతే మన కొంప ముంచింది మేడమ్!"

లైబ్రేరియన్ ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివింది. నిజమే. బాగా చూసుకున్నవాళ్లకు బహుమతిగా ఏమీ ఇవ్వరు, కుళ్లబెట్టినవాళ్లకు కుళ్లినంత మేర ఇస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఒక ఊరట మాత్రం ఉంది. ఈ మార్కులు తాత్కాలికం, గురువారం ఉదయం పరిశీలకురాలు స్వయంగా వచ్చి చూసి తుది మార్కులు వేస్తుంది.

"అంటే మనకి రెండు రోజులు టైముంది" అన్నాడు సెక్రటరీ గొంతు తగ్గించి. "ఈలోపు కొంచెం ప్రమాదం తయారు చేసుకోవాలి. ఓ నాలుగు పెట్టెలు బాత్రూమ్ పక్కన పెట్టి, పైన ఓ చెంబుడు నీళ్లు..."

"నా కాగితాల మీద ఒక్క చుక్క పడిందంటే బకెట్టుడు తెచ్చి మీ నెత్తిన పోస్తాను."

సెక్రటరీ ఆవేశం చరిత్ర మీద ప్రేమతో పుట్టింది కాదు. మరుసటి ఏడు ఆయన రిటైరవ్వాలి. గ్రాంటు వస్తే ‘ప్రాజెక్టు డైరెక్టర్’ అనే పదవి పుడుతుంది, ఆ పదవిలో ఇంకో మూడేళ్లు అదే కుర్చీలో కూర్చోవచ్చు. కుర్చీ మీద అంత మమకారం ఉన్నవాడు ఊరికే వెనక్కి తగ్గుతాడా? "సరే, కాగితాల జోలికి వద్దు. గోడ జోలికి వెళ్దాం. గోడ తడిసినట్టు కనిపిస్తే చాలదూ? మీ ఆయన డ్రాయింగ్ మాస్టారేగా?" అన్నాడు.

లైబ్రేరియన్ ఒప్పుకోలేదు. తర్వాత ఫర్నిచర్ కొట్టువాడు టేపు పట్టుకొచ్చి, ఆమె బల్ల కిందనుంచి పాకుతూ గది కొలుచుకున్నాడు. "ఈ బీరువాలు కూడా వదిలేస్తారా మేడమ్?" అని అడిగాడు. అప్పుడు ఒప్పుకుంది.

ఆమె భర్త ముప్పై ఏళ్లు బడిలో జామపండు బొమ్మ గీయించి రిటైరైన మనిషి. ఆ రోజుల్లో నాటకాలకు తెరలు కూడా వేసేవాడు. ఆయన గీసిన జైలు గోడను చూసి, ఖైదీ వేషం వేసినవాడు నిజంగానే ఏడ్చాడని ఇప్పటికీ చెబుతుంటాడు, వినేవాళ్లు దొరికితే. ఇంట్లో మాత్రం దొరకడం మానేసి చాలా ఏళ్లైంది.

"తడి మరకా?" అన్నాడు రాత్రి భోజనాల దగ్గర, కళ్లు మెరుస్తుండగా. "ఎన్నేళ్ల పాతదై ఉండాలి?"

"ఏదో ఒక మరకండీ. చిన్నది. చాప అంత."

"మరకకీ వయసుంటుందే. నీకు తెలీదు."

బుధవారం ఉదయం గది తలుపు లోపలినుంచి గడియ పెట్టుకుని పని మొదలైంది. టీ డికాషన్‌తో చాప అంత మరక అరగంటలో తయారైంది. లైబ్రేరియన్ చూసి, బాగుంది చాలు అంది. కానీ చాలా కాలానికి చేతికి గోడ దొరికిన కళాకారుడికి చాలు అనే మాట వినపడదు. మరక అంచున పెచ్చులూడినట్టు నీడలు వేశాడు. పెచ్చులూడాక పగులు లేకపోతే అబద్ధంలా ఉంటుందని బొగ్గుతో ఒక పగులు దింపాడు. దాన్ని కప్పు దగ్గర మొదలుపెట్టి, కిటికీ పక్కగా మెలికలు తిప్పుతూ నడుం ఎత్తుదాకా తెచ్చాడు. పగులు లోపల ఇటుక రంగు, ఇటుక మీద చీకటి. కింద నేల మీద గుప్పెడు సుద్దపొడి కూడా రాల్చాడు.

"ఏమండీ, చాలండీ! మరక అన్నాను. మీరు భూకంపం తెచ్చారు."

"ఇంకొక్క నీడ" అన్నాడాయన, ఒక కన్ను మూసి.

ఆ ఒక్క నీడ వేస్తుండగా లైబ్రేరియన్ సెక్రటరీని పిలుచుకు రావడానికి తలుపు తీసి కిందికి వెళ్లింది. అదే సమయానికి ఊడ్చే ఆవిడ బకెట్టుతో మెట్లెక్కి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి ఎదురుగా గోడ చూసింది, నేల మీద పొడి చూసింది, పగులు పక్కన బల్ల మీద నిలబడి గోడను రెండు చేతులతో అదిమిపట్టుకున్నట్టున్న మాస్టారిని చూసింది. బకెట్టు వదిలేసింది.

"అమ్మగారూ! గోడ పగిలిందమ్మో! అయ్యగారు ఒక్కరే ఆపుతున్నారు!"

బకెట్టులో నీళ్లు మెట్ల మీదుగా దూకుతూ కింద పేపర్లు చదివేవాళ్ల కాళ్ల కిందికి వచ్చాయి. పైన గోడ పగలడం, పైనుంచే నీళ్లు రావడం. ఈ రెండూ కలిపి చూసుకున్నవాడికి మూడోది ఏం జరుగుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. క్షణంలో హాలు ఖాళీ అయింది. టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన పెద్దాయన ఒకాయన ఆటల పేజీ చేత్తోనే రోడ్డు మీదికి వచ్చి, అక్కడినుంచే పురపాలక ఇంజనీరుకు ఫోను చేశాడు.

ఆ ఇంజనీరు లైబ్రరీ ముందు కాలువ మూత విరిగిందని నాలుగేళ్లుగా అర్జీలు పెట్టినా రాని మనిషి. ఆరోజు ఇరవై నిమిషాల్లో వచ్చాడు. పోయిన వారమే ఎక్కడో ఒక గోడ కూలి, ఆయన తోటి ఇంజనీరును సస్పెండు చేశారు. అప్పటినుంచి ఈయనకు గోడలంటే భక్తి కలిగింది.

మేడ ఎక్కాడు కానీ గడప దాటలేదు. అక్కడినుంచే ఫోను తీసి, కెమెరాలో పగులును దగ్గరికి లాక్కుని చూశాడు.

"లోపలికి రండి సార్, దగ్గర్నుంచి చూడండి" అంది లైబ్రేరియన్.

"ఎందుకమ్మా? ఇంట్లో పెళ్లాం పిల్లలున్నారు. ఇది పునాది కదలిక. కాగితం ఇవ్వండి, కిందికెళ్లి ఆర్డరు రాస్తాను."

సెక్రటరీ మొహం చాటంతైంది. ప్రభుత్వ ముద్రతో ప్రమాదం! అరవైకి అరవై! ఆయన ఇంజనీరుకు కుర్చీ వేయించి, తన పెన్నే ఇచ్చాడు. ఆర్డరు సగం రాసి, పగులు పొడవు ఎంతో చూసుకోవడానికి ఇంజనీరు మళ్లీ పైకి వచ్చాడు. చూసి మెట్ల రెయిలింగు పట్టుకున్నాడు.

"పెరిగింది! ఇందాక నడుం దాకా ఉంది. ఇప్పుడు మోకాలి దాకా వచ్చింది!"

లైబ్రేరియన్ భర్త వైపు చూసింది. ఆయన బొగ్గుముక్క వెనక్కి దాచుకుని, ఆమెకు మాత్రమే వినపడేలా, "కొస మొద్దుగా వచ్చిందే. మొద్దుగా ఉంటే పగులనరు, గీత అంటారు" అన్నాడు.

పావుగంటలో మూరెడు పెరిగే పగులు ఇంజనీరు చదువుకున్న ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఆర్డరు చించి కొత్తది రాశాడు. సాయంత్రం ఐదింటికల్లా భవనం ఖాళీ చేయాలి, తలుపులకు సీలు వేస్తారు, మర్నాడు ఉదయం పదింటికి యంత్రం తెచ్చి ఆ గోడ కూల్చేస్తారు.

సెక్రటరీ మొహం మీది చాట బోర్లా పడింది. "కూల్చడమెందుకు సార్? చూసి వెళ్లిపోతే చాలదూ?"

"రేపు కూలితే నా ఉద్యోగం మీరిస్తారా?"

లైబ్రేరియన్ ఇక ఆగలేదు. సెక్రటరీ ఆమె కాలు తొక్కుతున్నా లెక్క చేయకుండా ముందుకు వచ్చింది. "సార్, అది పగులు కాదు. మా ఆయన గీసిన బొమ్మ. బొగ్గూ, టీ డికాషనూ."

ఇంజనీరు ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇన్నేళ్లు పనిచేసిన గదమ్మా. మమకారం ఉంటుంది. నాకు తెలుసు."

"మమకారం కాదండీ, డికాషన్! చూపిస్తానుండండి" అని తడిగుడ్డ పట్టుకుని గోడ వైపు పరుగెత్తింది. ఇంజనీరు వెనకే మేడెక్కి వచ్చిన నలుగురు పేపరు పాఠకులు ఒక్కసారిగా దూకి ఆమెను వెనక్కి లాగారు. "వదినా, ప్రాణం తీసుకోవద్దు వదినా! ఉద్యోగం పోతే ఇంకోటొస్తుంది!" అని ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సాక్ష్యం చెప్పవలసిన భర్త గోడను తడిగుడ్డతో తుడవడమనే ఆలోచనకే తెల్లబోయి నిలబడ్డాడు. బాగా చెప్పిన అబద్ధాన్ని ఊరంతా నమ్ముతుంది, నిజం చెబితే చేతులు కట్టి కూర్చోబెడుతుంది.

గోడ కూలుతుందంటే కాగితాలు అక్కడ వదలడానికి వీల్లేదు. ముప్పై ఎనిమిది పెట్టెలూ రోడ్డు మీదికి వచ్చాయి. ఇరవై ఏడేళ్లుగా ఎండ కన్నెరగని కాగితాలు, విరిగిన కాలువ మూత పక్కన, లారీల దుమ్ములో వరసగా కూర్చున్నాయి. లైబ్రేరియన్ కొంగుతో ఒక్కో పెట్టె మీది దుమ్ము తుడిచింది. పెట్టేందుకు చోటెక్కడ? సెక్రటరీ తన ఇంట్లో పెద్ద హాలుందని ఎప్పుడూ చెప్పేవాడు, ఆ రోజు మాత్రం సున్నాలు వేయిస్తున్నానన్నాడు.

చివరికి పేపరు పాఠకులే ముందుకొచ్చారు. "తలా ఒకటి తీసుకెళ్దాం అక్కా, ఎన్నాళ్లని?" అన్నాడు ఎదురుగా ఉన్న మంగలి షాపతను. ఒకరిని చూసి ఒకరు వచ్చారు. లైబ్రేరియన్ ఏ పెట్టె ఎవరింటికి వెళ్లిందో రాసుకుంటూ, ప్రతి ఒక్కరికీ, "తడి చెయ్యి తగలనీకండి, ఎండలో పెట్టకండి, తెరవకండి" అని ముప్పై ఎనిమిదిసార్లు చెప్పింది. ముప్పై ఎనిమిది మందీ బుద్ధిగా తల ఊపారు. తెరవకండి అని చెప్పి ఇచ్చిన పెట్టెను తెరవకుండా ఉంచిన మనిషి ఈ భూమ్మీద ఇంతవరకూ పుట్టలేదని ఆమెకు తట్టనేలేదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికే పరిశీలకురాలు దిగింది. నడివయసు మనిషి, తెల్ల చొక్కా, భుజాన సంచీ, మాటకొక దగ్గు. సీలు వేసిన తలుపు చూసింది, దాని మీద అంటించిన ఆర్డరు చదివింది.

"కాగితాలెక్కడ?" అంది.

"అత్యంత సురక్షితమైన వికేంద్రీకృత కేంద్రాల్లో ఉన్నాయండీ" అన్నాడు సెక్రటరీ.

"అంటే?"

"ఊళ్లోవాళ్ల ఇళ్లలో" అంది లైబ్రేరియన్.

"చూపించండి."

మొదట టెలిఫోన్ ఆఫీసు పెద్దాయన ఇంటికి వెళ్లారు. బడి రిజిస్టర్ల పెట్టె పొయ్యి పక్కన ఉంది, దాని మీద మరుగుతున్న నీళ్ల గిన్నె. పెద్దాయన వరండాలో కూర్చుని ఒక రిజిస్టరును రబ్బరుతో దీక్షగా రుద్దుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ!" లైబ్రేరియన్ కేక వేసి లాక్కుంది.

"నా పేరు పక్కన ‘మందబుద్ధి’ అని రాశాడమ్మా ఆ మాస్టారు. ఇన్నేళ్ల తర్వాత మా ఆవిడ చదివింది. పొద్దుట్నించీ ఆ మాటే అని పిలుస్తోంది."

పరిశీలకురాలు దగ్గి, పుస్తకంలో ఏదో రాసుకుంది.

రెండోది దర్జీ ఆవిడ ఇల్లు. కొళాయి కోసం యుద్ధం చేసిన పెద్దామె ఉత్తరాలు అక్కడ ఉన్నాయి. పెట్టెలో కాదు, వాకిట్లో బట్టల తీగ మీద, ఒక్కో ఉత్తరానికి ఒక్కో క్లిప్పు పెట్టి వరసగా వేలాడుతున్నాయి. వీధిలోని ఆడవాళ్లంతా తీగ వెంట నడుస్తూ చదువుతున్నారు.

"వరస తప్పకూడదని ఇలా పెట్టాను మేడమ్" అంది దర్జీ ఆవిడ గర్వంగా. "ఇప్పుడు ఆరో ఏడులో ఉన్నాం. నీటి సంఘం ప్రెసిడెంటు మొహాన ఖాళీ బిందె విసిరేసింది. ఏం మనిషండీ! కొళాయి వచ్చిందా చివరికి? చెప్పకండి, చెప్పకండి, మేమే చదువుకుంటాం."

గాలి వీచింది. ఏడో ఏడు తీగ మీద రెపరెపలాడింది. లైబ్రేరియన్ రెండు చేతులూ చాచి దాని కింద నిలబడిపోయింది. ఆ కంగారులోనూ ఒక సంగతి ఆమె గమనించింది. ఇరవై ఏడేళ్లలో ఆ ఉత్తరాలు చదవడానికి గదికి వచ్చినవాళ్లు ముగ్గురు. ఇక్కడ తీగ దగ్గరే పదకొండు మంది ఉన్నారు.

మూడోది మంగలి షాపు. దాని దగ్గరికి వెళ్లడమే కష్టమైంది. రోడ్డు దాకా వరస ఉంది. లోపల మంత్రసాని నోటుపుస్తకాలు అద్దాల ముందు తెరిచి పెట్టి ఉన్నాయి. క్షవరానికి వచ్చినవాళ్లు సగం గడ్డంతో లేచి నిలబడి, తమ ఇంటి పేజీ వెతుక్కుని, ఫోనుతో ఫొటో తీసుకుంటున్నారు. తమది దొరికాక పక్కింటివాళ్లది కూడా తీస్తున్నారు. తీసినది తీసినట్టు ఊరందరి ఫోన్లలోకీ పోతోంది.

సెక్రటరీని చూడగానే మంగలి మొహం వెలిగింది. "రండి సార్, మీదీ దొరికింది! ‘పెద్ద వీధి, మూడో ఇల్లు, మగబిడ్డ, నల్లగా ఉన్నాడు, ఊరికే ఏడుస్తున్నాడు.’ అయితే సార్, తారీకే కుదరట్లేదు. దీని ప్రకారం మీరు నాలుగేళ్ల కిందటే రిటైరై పోవాలి."

షాపులో అందరూ సెక్రటరీ వైపు తిరిగారు. కత్తెర కూడా ఆగింది.

"అది నేను కాదు. మా అన్నయ్య" అన్నాడు సెక్రటరీ, నుదురు తుడుచుకుంటూ.

"మీకు అన్నయ్యెవరండీ? ‘తొలిచూలు’ అని కూడా రాసుంది."

"ఆ మంత్రసానికి లెక్కలు రావు!"

"నోటుపుస్తకాలు నూటికి నూరుపాళ్లు నమ్మదగ్గవని దరఖాస్తులో మీరే రాసి సంతకం పెట్టారు" అంది పరిశీలకురాలు. ఆ రోజు దగ్గు లేకుండా ఆమె పలికిన మొదటి వాక్యం అదే. సెక్రటరీకి ఉన్నట్టుండి ఇంట్లో సున్నాల పని గుర్తొచ్చింది. వెళ్లిపోయాడు.

పది కావస్తోంది. లైబ్రేరియన్ పరిశీలకురాలి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "అమ్మా, నేనొకటి చెప్పాలి. మార్కుల కోసం గోడ మీద మరక వేయించాను. తప్పు నాది. అది పగులయ్యి కూర్చుంది. ఇప్పుడు మంచి గోడ కూల్చేస్తున్నారు. మీరైనా వచ్చి ఒక్కసారి చేత్తో తాకండి. గ్రాంటు ఇవ్వకపోయినా ఫర్వాలేదు."

వాళ్లు లైబ్రరీకి వెళ్లేసరికి యంత్రం చెయ్యి ఎత్తుకుని నిలబడి ఉంది. పరిశీలకురాలు ఇంజనీరును అడక్కుండానే సీలు తీయించి మేడెక్కింది. నేరుగా గోడ దగ్గరికి వెళ్లి మరక మీద వేలితో రాసి, వాసన చూసింది.

"టీ" అంది. "స్ట్రాంగ్ టీ." తర్వాత పగులు మీద రాసింది. వేలు నల్లబడింది. గోడ చెక్కు చెదరలేదు.

"చూశారా సార్?" అంది లైబ్రేరియన్.

ఇంజనీరు గడప అవతలినుంచే ఆ వేలును కూడా ఫోనులో దగ్గరికి లాక్కుని చూశాడు. "అమ్మా, నేను సంతకం పెట్టాను. సంతకం పెట్టేముందు అది బొమ్మ అయితే అయ్యుండొచ్చు. పెట్టాక అది పగులే."

"ఆర్డరు వెనక్కి తీసుకోవచ్చుగా?"

"పగులుందని రాయడానికి ఫారం ఉంది. పోయిందని రాయడానికి మా దగ్గర ఫారం లేదు."

అందరినీ కిందికి దించాక యంత్రం ఒక దెబ్బ వేసింది. గోడ కదల్లేదు. రెండో దెబ్బకు యంత్రం పళ్లలో ఒకటి విరిగి కాలువలో పడింది. ఆ గోడ కట్టిన తాపీమేస్త్రి ఎవరో కానీ, ఇలాంటి ఇంజనీర్లు పుడతారని ముందే తెలిసి కట్టినట్టుంది. మధ్యాహ్నానికి ఎలాగో ఒక మూల విరిచారు, మిగతాది కాంట్రాక్టరుకు అప్పగించారు. డ్రాయింగ్ మాస్టారు రోడ్డుకు అవతల నిలబడి తన బొమ్మ ముక్కలవడం చూశాడు. "తడి ఆరకముందే పడగొట్టారే" అన్నాడు భార్యతో.

పరిశీలకురాలు రోడ్డు మీదే నిలబడి ఫారం నింపి లైబ్రేరియన్ చేతికిచ్చింది. ప్రాముఖ్యం, ఇరవైకి ఇరవై. ప్రమాద తీవ్రత, అరవైకి అరవై.

"గోడది దొంగ ప్రమాదమే" అంది. "దానికి మార్కులు వేయలేదు. పొయ్యి పక్కన రిజిస్టర్లు, తీగ మీద ఉత్తరాలు, సబ్బు నురగ మధ్య నోటుపుస్తకాలు. పదహారేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇంతటి ప్రమాదం నేనెక్కడా చూడలేదు. మీకు గ్రాంటు వస్తుంది."

లైబ్రేరియన్ చూపు అప్పటికే మూడో గడి మీద ఉంది. సంరక్షణ, ఇరవైకి సున్నా. ఆ సున్నాను ఆమె చాలాసేపు చూసింది. ఇరవై ఏడేళ్లు రోజూ అరగంట కిటికీలు తెరిచి మూసిన చేతులకు వచ్చిన మార్కు అది.

గోడ తిరిగి కట్టడానికి ఐదు నెలలు పట్టింది. అన్నాళ్లూ పెట్టెలు ఇళ్లలోనే ఉన్నాయి. లైబ్రేరియన్ రోజూ పొద్దున్నే బయల్దేరి ముప్పై ఎనిమిది గుమ్మాలు ఎక్కి దిగింది. "ముందు చేతులు కడుక్కోండి" అనేది, కడుక్కునేదాకా కదిలేది కాదు. పొయ్యి పక్కనున్నవి బీరువాల్లోకి ఎక్కాయి, తీగ మీద ఉన్నవి దిగాయి. అర్థంకాని అక్షరాలుంటే పక్కన కూర్చుని చదివి చెప్పేది. రెండు నెలలకు దర్జీ ఆవిడ పోస్టుమాస్టరు చేతిరాతను తడుముకోకుండా చదవసాగింది.

ఫొటోలు మాత్రం ఆగలేదు. ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరి తాత బడిలో ఎన్నిసార్లు తప్పాడు, ఎవరి మామ్మ ఎవరిని తిట్టింది. ఊరికి చరిత్ర మీద లేని శ్రద్ధ ఇరుగుపొరుగు గుట్టు మీద ఉంది. రెండూ ఒకటేనని ఎవరూ ఇంతకుముందు చెప్పలేదంతే. గ్రాంటు డబ్బు మొదటి విడత ఇంజనీరు ఆర్డరు ప్రకారం గోడకే పోయింది. రెండో విడతలో మంచమంత స్కానర్ దిగేసరికి తొమ్మిది వేల పేజీలూ ఫొటోలై, ఊరందరి ఫోన్లనుంచి ఏరి, పేర్లు పెట్టి, వరసలో పేర్చి లైబ్రేరియన్ కంప్యూటర్లో ఉన్నాయి. రెండు వందల పేజీల్లో మూలన ఎవరిదో ఒక బొటనవేలు కనిపిస్తుంది. ఆమె వాటిని మళ్లీ తీయించలేదు. ఆ వేళ్లు కూడా ఊరివేనని ఊరుకుంది.

సెక్రటరీ వయసు మీద విచారణ జరిగి, నాలుగేళ్లు ఆలస్యంగా రిటైరయ్యాడు. గ్రాంటు సంస్థ మాత్రం ఊళ్లో జరిగినదాన్ని ‘ప్రజా భాగస్వామ్యంలో వినూత్న నమూనా’ అని పొగుడుతూ పెద్ద పుస్తకం వేసి, రాజధానిలో సభ పెట్టింది. వేదిక మీద ఇంజనీరు ‘సకాలంలో స్పందన’ గురించి గంటసేపు మాట్లాడాడు. లైబ్రేరియన్‌ను కూడా పిలిచారు, మాట్లాడటానికి కాదు, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడానికి.

సభలో పరిశీలకురాలు లేచి, అసలు జరిగినదంతా దగ్గుతూనే చెప్పింది. పెద్దలు నవ్వారు, తర్వాత గంభీరంగా తలలు ఊపారు, ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం ఆరు నెలలు చర్చించి, దరఖాస్తు ఫారంలో ఆ ఊరి ఇంజనీరు జవాబు రాయవలసిన ఒక కొత్త ప్రశ్న చేర్చింది: ‘గోడను చేత్తో తాకి చూశారా?’

అన్ని ఊళ్ల ఇంజనీర్లూ ఇప్పుడు దానికి కుర్చీలోంచి లేవకుండానే ‘అవును’ అని రాస్తున్నారు.